మా పిల్లి గేటు దాటిన ఏడాది

మా ఇల్లు హోసూరులో బాగలూరు రోడ్డు నుంచి లోపలికి వచ్చే మూడో వీధిలో ఉంది. కింది అంతస్తు. ముందు చిన్న వరండా, దానికి నిలువెత్తు గ్రిల్ గేటు. ఆ వరండాలోనే నా కుట్టు మిషను. పెళ్లయి ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి బ్లౌజులు కుడుతున్నాను. అందుకని పగలంతా మా గేటు ఎవరో ఒకరు తీస్తూనే ఉంటారు. ఒకామె కొలతలివ్వడానికి వస్తుంది, ఇంకొకామె చంక దగ్గర పట్టేసిందని వస్తుంది, మరొకామె ఊరికే కాసేపు కూర్చుని పోదామని వస్తుంది. ఇలాంటి ఇంట్లో పిల్లిని గడప దాటనివ్వకుండా పెంచాలని మేము నియమం పెట్టుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

పిల్లిని తెచ్చింది మా అమ్మాయి. అప్పుడు ఎనిమిదో తరగతి. వాన పడుతున్న ఒక సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తుంటే కాలవ పక్కన అరుపు వినిపించిందట. బ్యాగులోని పుస్తకాలు తీసి చేత్తో పట్టుకుని, పిల్లిపిల్లను బ్యాగులో పెట్టి జిప్పు సగం వేసి తెచ్చింది. పుస్తకాలన్నీ తడిశాయి, పిల్లి మాత్రం ఇంక తడవలేదు. బూడిద రంగు ఒళ్లు, నల్ల చారలు, నాలుగు కాళ్లకీ తెల్లటి సాక్సులు తొడిగినట్టు పాదాలు. సైన్సు పుస్తకం ఎండబెట్టే లోపలే అది మా ఇంటి పిల్లి అయిపోయింది.

మా ఆయన కార్లకు సామాన్లు చేసే ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పని చేస్తారు. ఆయన దాన్ని కాదనలేదు గానీ ఒక మాట అన్నారు. ఉంటే ఉండనీ, గేటు మాత్రం దాటకూడదు అని. ఎందుకో నాకు తెలుసు. అంతకు కొన్నాళ్ల ముందు ఎదురింటి పిల్లి ఒక లారీ కింద పడింది. ఆ ఇంటివాళ్లు ఊళ్లో లేరు. ఈయనే దాన్ని గోనెసంచిలో చుట్టి తీసుకెళ్లి పాతిపెట్టి వచ్చారు. ఆ రోజు అన్నం తినలేదు. అందుకే నేనూ ఎదురు చెప్పలేదు.

మొదటి ఏడాది బాగానే గడిచింది. పాపం దానికి బయట ఒకటుందని తెలియదు. కత్తిరించిన గుడ్డముక్కల్లో దొర్లేది, దారం రీళ్లను మంచం కిందికి తోసేది, మిషను పెడలు మీద నా కాలు ఆడుతుంటే ఆ కాలినే పట్టుకునేది. రెండో ఏట మారింది. సాయంత్రం నాలుగయ్యేసరికి గ్రిల్ దగ్గరికి పోయి కూర్చుని బయటికి చూస్తూ అరవడం మొదలుపెట్టింది. ఆకలికి అరిచే అరుపు కాదు అది. సన్నగా, సాగదీసి, ఆపకుండా. బ్లౌజు కొలతలకు వచ్చినవాళ్లు జాలిపడి నన్ను చూసేవారు. ఏమీ అనేవారు కాదు, చూసేవారు. అది ఇంకా కష్టంగా ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మామ, అంటే మా ఆయన నాన్న, వచ్చారు. ఆయనది అంచెట్టి అవతల కొండల్లో చిన్న ఊరు. కాస్త రాగి చేను, నాలుగు ఆవులు. అత్తగారు పోయినప్పటి నుంచి మరిది కుటుంబంతో అక్కడే ఉంటున్నారు. కృష్ణగిరిలో మోకాలికి ఆపరేషన్ చేయించాం. రోజూ వ్యాయామం చేయించాలన్నారు. ఆ కొండ ఊరికి బస్సే అరుదు, వ్యాయామం నేర్పేవాళ్లు ఎక్కడ వస్తారు? అందుకని కొన్ని నెలలు మా ఇంట్లో ఉండేట్టు ఒప్పించి తీసుకొచ్చాం.

ఒప్పుకున్నారే గానీ ఆయనకు ఇక్కడ ఒక్క పూట కూడా తోచలేదు. వ్యాయామం నేర్పడానికి వారానికి మూడు రోజులు ఒక అమ్మాయి వచ్చేది. ఆమె చెప్పిందాంట్లో సగం కూడా చేసేవారు కాదు. మూడు మెట్లు ఎక్కి దిగమంటే, మా ఊళ్లో మెట్లే లేవు, అవి నాకెందుకని వాదించేవారు. పొద్దున్నే ఒక ప్లాస్టిక్ కుర్చీ గేటు దగ్గర వేసుకుని కూర్చుని వీధిని చూసేవారు. కుర్చీ పక్కన కింద పిల్లి కూర్చునేది. అదీ వీధిని చూసేది. వచ్చిపోయేవాళ్లు మా ఇంటికి కాపలా పెరిగిందని నవ్వేవారు.

పిల్లికి ఇసుక ట్రే పెట్టడం ఆయనకు అసలు మింగుడుపడలేదు. ఇంట్లోనే తిని ఇంట్లోనే దొడ్డికి కూర్చునే జంతువును తన జన్మలో చూడలేదన్నారు. అది తినే పొడి మేతను ఒక గింజ తీసి వాసన చూసి, మా ఆవులకు పెట్టే దాణాకంటే బాగుందని పక్కన పెట్టారు. దానికి మా అమ్మాయి పెట్టిన పేరు పలకడానికి ఆయనకు నోరు తిరగలేదు. కాలు కింద పెట్టకుండా బతుకుతోంది కాబట్టి దొరసాని అని పిలవడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి ఇంట్లో అందరికీ అదే అలవాటయింది.

ఒక మంగళవారం కెలమంగలం నుంచి ఒకామె పెళ్లి బ్లౌజు గుడ్డలు తీసుకుని వచ్చింది. రెండు చేతుల్లో సంచులు. గేటు భుజంతో తోసుకుని లోపలికి వచ్చింది, వెనక్కి తిరిగి మూయలేదు. నేను కొలత టేపు మెడలో వేసుకుని లేచేలోపల పిల్లి ఆమె కాళ్ల మధ్య నుంచి వీధిలోకి దూకింది. దూకాక ఏం చేయాలో దానికే తెలియలేదు. నడివీధిలో ఒక్క క్షణం నిలబడి, పక్కింటి ముందు ఆగిన పాల వ్యాను కిందికి పోయి నక్కింది.

డ్రైవరు అప్పుడే డబ్బాలు దించి బండి ఎక్కుతున్నాడు. నేను చేతులు ఊపుతూ పరిగెత్తి, బండి ముందు రోడ్డు మీద బోర్లా పడుకున్నాను. ఒక చేతిలో కత్తెర అలాగే ఉంది. డ్రైవరు భయపడి తమిళంలో ఏమైందని అడుగుతున్నాడు, కెలమంగలం ఆమె అయ్యో అయ్యో అంటోంది, గేటు దగ్గర కర్ర పట్టుకుని మామ ఎడమ పక్కకు రమ్మని నాకు దారి చెబుతున్నారు. చివరికి మెడ మీద తోలు చేతికి చిక్కింది. బయటికి లాగితే నా మణికట్టు నుంచి మోచేతి దాకా గీరేసింది. కొత్త పట్టు బ్లౌజు గుడ్డల మీద రక్తం పడకుండా చెయ్యి పైకెత్తుకుని కొలతలు రాసుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయతీ జరిగింది. మా ఆయన తప్పెవరిదీ కాదని, గేటు దానంతటదే మూసుకునేట్టు ఒక స్ప్రింగు వేయిస్తే సరిపోతుందని అన్నారు. మా అమ్మాయి ఫోనులో చాలా చదివి పెట్టుకుంది. ఇంట్లోనే ఉండే పిల్లులు ఎక్కువ కాలం బతుకుతాయని ఒకచోట రాశారట, బయటికి పోనివ్వకపోతే దిగులుపడతాయని ఇంకోచోట రాశారట. ఏది నమ్మాలో తెలియక రెండూ చదివి వినిపించింది. నేను చేతికి పసుపు రాసుకుంటూ కూర్చున్నాను. మామ అంతా విని, మా ఆయన వైపు తిరిగారు.

"స్ప్రింగు పెట్టుకోవచ్చులేప్పా. ఎన్నాళ్లు పట్టుకుంటాది అది? ఏదో ఒక పొద్దు ఈ పిల్లి పోతాది. పోయేదాన్ని ఆపేది కాదు, తిరిగొచ్చేది నేర్పించల్ల. మన ఆవులు కొండలోకి పొయ్యి సాయంత్రానికి ఇంటికి వస్తా ఉండాయి కదా, యాడన్నా తాడు కట్టినామా?"

"నాయనా, ఇది ఆవు కాదు," అన్నారు మా ఆయన.

"తెలుసు. పాలియ్యదు," అన్నారు మామ. మళ్లీ, "బయట ఏముండాదో తెలిసిన పిల్లి బండిని చూసి పక్కకు పోతాది. ఈ పొద్దు ఇది బండి కిందికే పోయిండాది. ఎందుకు? ఎప్పుడూ చూడలేదు కాబట్టి," అన్నారు.

 మా ఆయన లేచి పోయి మంచినీళ్లు తాగి వచ్చారు. వచ్చి తన షరతులు చెప్పారు. ముందు పశువుల డాక్టరుకు చూపించి సూదులు వేయించాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. వీధి వైపు కాదు, వెనక వైపు మాత్రమే. ఎవరో ఒకరు దగ్గరుండాలి. చీకటి పడకముందే లోపలికి రావాలి. మా అమ్మాయి ఇవన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది. నేను ఒకటి చేర్పించాను. మెడలో నా ఫోను నంబరు ఉండాలి.

వెనక వైపంటే వంటింటి తలుపు తీస్తే బట్టలుతికే చోటు, ఒక రాయి, నడుమెత్తు గోడ, దాని చివర మనిషి పట్టేంత సందు. గోడ అవతల ఖాళీ సైటు. ఆముదం మొక్కలు, పిచ్చి గడ్డి, ఎవరో పోయించి మరిచిపోయిన ఇసుక కుప్ప, దాని మీద ఎప్పుడూ పడుకుని ఉండే రెండు కుక్కలు. సైటుకు ఆ చివర నాలుగంతస్తుల బిల్డింగు కడుతున్నారు. అటు బండ్లు రావు.

డాక్టరు దగ్గరికి పోకముందే మా అమ్మాయి ఇంకో ఆలోచన చేసింది. కుక్కకు కట్టినట్టు నడుముకు పట్టా కట్టి తాడుతో తిప్పుదామని. సరే, లంగాల గుడ్డ మిగిలింది తీసి, కొలతలు తీసుకుని, ఛాతీ చుట్టూ ఒకటి, మెడ చుట్టూ ఒకటి, వీపు మీద వాటిని కలుపుతూ ఒకటి కుట్టాను. చంక దగ్గర ఎక్కడా పట్టకుండా శుభ్రంగా కుదిరింది. నా బ్లౌజులు కూడా అంత బాగా కుదరవు. తొడిగి సైటులోకి తీసుకుపోయి దించగానే పిల్లి పక్కకు ఒరిగి పడిపోయింది. లేపి నిలబెడితే మళ్లీ పడింది. మా అమ్మాయి మెల్లగా లాగితే గడ్డి మీద జారుకుంటూ వచ్చింది గానీ కాలు కదపలేదు. మేడ మీద బట్టలు ఆరేసుకుంటున్న పక్కింటామె పిల్లికి జ్వరమా అని తమిళంలో అడిగింది. తడిగుడ్డ లాగ ఉందని మామ ఇంట్లోంచే నవ్వారు. మూడు రోజులు అదే కథ. నాలుగో రోజు కుక్క ఒకటి దగ్గరికి వచ్చింది. పిల్లి తల వంచి, భుజాలు ముడిచి, వెనక్కి ఒక్క అడుగు వేసి ఆ పట్టాలోంచి బయటికి వచ్చేసింది, వంటింట్లోకి పరిగెత్తింది. అంటే మూడు రోజులూ రాగలిగి ఉండి కూడా రాలేదు. మా అమ్మాయి ఆ పట్టాను నా చేతిలో పెట్టి, ఇక వద్దమ్మా అంది.

డాక్టరమ్మ చాలా ఓపికగా చెప్పింది. ఆపరేషన్ కుట్లు ఆరేదాకా పది రోజులు ఇంట్లోనే ఉంచమంది. గోళ్లు కత్తిరించొద్దంది, చెట్టెక్కడానికి కావాలి కాబట్టి. తిండి పెట్టి పంపొద్దు, ఆకలితో పంపి వచ్చాక పెట్టమంది. మెడ పట్టీ కొమ్మకు చిక్కుకుంటే ఊడిపోయేలా ఉండాలి, పట్టీ పోయినా పర్వాలేదు, మెడ చిక్కుకోకూడదు అంది. నాకు వెంటనే టిచ్ బటన్ గుర్తొచ్చింది. కాస్త ఎలాస్టిక్, ఒక టిచ్ బటన్. గట్టిగా లాగితే టక్కున ఊడుతుంది.

ఆ పది రోజులూ మామ దొరసానికి పాఠం చెప్పారు. అంచెట్టి కొండల్లో సాయంత్రం ఆవులను పిలిచే పిలుపు ఒకటుంది. గొంతు కిందినుంచి మొదలై పైకి పోయి విరుగుతుంది. "బా... బా... బా..." అని. రోజూ ఐదున్నరకు కుర్చీలో కూర్చుని, స్టీలు మూత మీద కర్రతో మూడు దెబ్బలు కొట్టి ఆ పిలుపు పిలిచేవారు. పిల్లి వస్తే ఎండుచేప ముక్క. రాకపోతే లేదు. వేరే వేళలో ఎంత కాళ్ల చుట్టూ తిరిగినా ఎండుచేప ఇచ్చేవారు కాదు, మమ్మల్నీ ఇవ్వనిచ్చేవారు కాదు. మొదట్లో ఆ అరుపుకు నా చేతిలో సుద్ద జారి పడేది. వచ్చినవాళ్లు ఈ ఇంట్లో ఆవు ఎక్కడుందని వెతికేవారు. వారం దాటేసరికి బీరువా మీద నిద్రపోతున్న పిల్లి ఆ పిలుపు వినగానే కిందికి దూకి, గచ్చు మీద జారి, మామ కర్రకు కొట్టుకుని ఆగేది.

మొదటిసారి వెనక తలుపు తీసిన రోజు మా ఆయన పొద్దుటి షిఫ్టు. నేరుగా ఇంటికి వచ్చేశారు. నలుగురం బట్టలుతికే చోట నిలబడ్డాం. మెడలో ఆకుపచ్చ పట్టీ, దాని మీద మిషనుతో కుట్టిన నా నంబరు. తలుపు తీస్తే దూకి పోతుందనుకున్నాం. అది గడప మీదే పది నిమిషాలు నిలబడింది. ఒక కాలు బయట పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. రాయి వాసన చూసింది, బకెట్టు వాసన చూసింది, మా ఆయన చెప్పుల వాసన చూసింది. తరువాత ఒక్క గెంతులో గోడ మీద ఉంది. ఇంకో గెంతులో కనిపించలేదు.

మా ఆయన గోడ మీద చేతులానించి చూస్తూ ఉండిపోయారు. అది గడ్డిలో పొట్ట ఆనించి నడిచింది. రెండు గడ్డి పోచలు కొరికింది. ఒక మిడత ఎగిరితే తనూ ఎగిరింది. ఇసుక కుప్ప మీది కుక్కలు తలెత్తి చూసి మళ్లీ పడుకున్నాయి. అప్పటికి నాలుగు రోజులుగా మామ వాటికి రాగిముద్ద వేస్తూ వచ్చారని మాకు తరువాత తెలిసింది. పావుగంట అయ్యాక మామ మూత మీద కొట్టి పిలిచారు.

అది చెవులు తిప్పింది, రాలేదు. ఇంకోసారి పిలిచారు. ఆముదం మొక్క కింద కూర్చుని మమ్మల్నే చూస్తోంది. మా ఆయన గోడ దాటడానికి కాలెత్తారు. మామ కర్ర అడ్డం పెట్టారు.

"నువ్వు పోతే ఆట అనుకుంటాది. నిలువు. అదే వస్తాది."

మూడోసారి పిలిచారు. పిల్లి లేచి, ఒళ్లు విరుచుకుని, తోక నిక్కబెట్టుకుని, ఎలాగూ వద్దామనే అనుకుంటున్నట్టు నింపాదిగా నడిచి వచ్చింది. గోడ ఎక్కింది, దిగింది, ఎండుచేప తింది. నేను తలుపు మూసి గడియ పెట్టాను. అప్పుడు చూస్తే నా చీర కొంగు వేలికి చుట్టుకుని చుట్టుకుని వేలు ఎర్రబడి ఉంది.

ఆ తరువాత రోజూ నాలుగింటికి దొరసానికి షికారు. దగ్గరుండాలి అనేది మా ఆయన షరతు కదా, నాకు మిషను పని, అమ్మాయికి స్కూలు, ఆయనకు షిఫ్టు. ఇక మిగిలింది మామ. పిల్లి గోడకు అటు పక్కకు పోతే కనిపించదు కాబట్టి మామ గోడ చివర దాకా నడవాల్సి వచ్చేది. తరువాత సైటు పక్కనున్న దారి దాకా. తరువాత ఇసుక కుప్ప దాకా. వ్యాయామం నేర్పే అమ్మాయి ఒకరోజు మోకాలు మడిచి చూసి, మేము బాగా చేయిస్తున్నామని మెచ్చుకుంది. మేమేమీ చేయించలేదని చెప్పలేదు.

ఇక పట్టీల సంగతి. మొదటి ఆకుపచ్చ పట్టీ వారంలో పోయింది. రెండోది ఆముదం కొమ్మకు వేలాడుతూ కనిపించింది. టిచ్ బటన్ తన పని తను చేస్తోందన్నమాట. నేను బుట్టలో ఏ గుడ్డముక్క చేతికొస్తే అది తీసి పట్టీ కుట్టేసేదాన్ని. ఒక వారం నీలం పూలు, ఒక వారం నెమలికంఠం రంగు. వీధిలో ఆడవాళ్లు ఈ వారం దొరసాని ఏం కట్టిందని అడిగేవారు. నాకూ సరదాగా ఉండేది. ఆ సరదాలోనే తప్పు చేశాను.

సైటుకు కుడి పక్కన మూల ఇంట్లో ఒకామె ఉంది. బజారులో కిరాణా కొట్టున్న కుటుంబం. మాట కాస్త కరుకు, మనిషి మంచిదే. కూతురి నిశ్చితార్థానికి మామిడిపండు రంగు పట్టు, మెరూన్ జరీ అంచు బ్లౌజు కుట్టించింది. గుడ్డ మిగిలితే ఇయ్యి, అమ్మాయి జడకు బ్యాండు చేయిస్తానని అడిగింది. ఏమీ మిగల్లేదక్కా అని చెప్పాను. చెప్పినప్పుడు అది నిజమే అనుకున్నాను. వారం తరువాత మిషను కింద ఊడుస్తుంటే జానెడు ముక్క దొరికింది, అంచుతో సహా. అప్పుడు పిలిచి ఇవ్వాల్సింది. లేదని చెప్పి మళ్లీ ఉందని ఏం చెబుతాంలే అని బుట్టలో పడేశాను.

ఒక సాయంత్రం ఆమె మా గేటు ముందు నిలబడింది. చంకలో మా పిల్లి. అది సుఖంగా కళ్లు మూసుకుని ఉంది.

"ఏమ్మా, ఈ పిల్లి మీదే కదా?" అంది.

"మాదే అక్కా. మీ ఇంటికి వచ్చినాదా?"

"వచ్చినాది. పిల్లి మీది, పట్టీ నాది."

నాకు ముఖమంతా వేడెక్కిపోయింది. మిషను దగ్గర ఇంకా ఇద్దరు కూర్చుని ఉన్నారు. కుర్చీలోంచి మామ ఆదుకుంటారేమోనని చూశాను, ఆయన కర్ర పిడిని చాలా శ్రద్ధగా చూసుకుంటున్నారు. దాచి లాభం లేదు. ముక్క తరువాత దొరికిందని, చెప్పడానికి మొహం చెల్లక ఊరుకున్నానని, తప్పయిందని ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె పిల్లిని కిందికి దించి, ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. "నా కూతురి జడకు లేదంటివి. దీనికి మాత్రం జరీ అంచు కనపడేట్టు ఎంత అందంగా కుట్టినావమ్మా," అంది. అని, తనే ఫక్కున నవ్వేసింది. మిషను దగ్గర కూర్చున్నవాళ్లు ఆపుకుంటున్న నవ్వు కూడా బయటికి వచ్చింది. నేను పట్టీ విప్పి ఇవ్వబోతే వద్దంది. తన నంబరు కూడా దాని మీద కుట్టమంది, ఎక్కువ సేపు తన మిద్దె మీదే ఉంటోందట. ఆ రోజు నుంచి ఎవరి బ్లౌజుకు ఎంత ముక్క మిగిలినా, వేలెడు ముక్కయినా, మడిచి పిన్ను పెట్టి బ్లౌజుతో పాటే ఇచ్చేస్తున్నాను. ఆమె కూతురి పెళ్లి బ్లౌజులు కూడా నా దగ్గరే కుట్టించింది. పిల్లి మిద్దె ఎక్కినప్పుడల్లా ఫోను చేసి చెప్పేది.

ఆ ఫోనే ఒకసారి మమ్మల్ని కాపాడింది. ఎండాకాలం మొదలు. మా అమ్మాయికి పరీక్షలు. మా ఆయన మధ్యాహ్నం షిఫ్టుకు పోయారు. ఐదున్నరకు మామ మూత కొట్టి పిలిచారు. పిల్లి రాలేదు. అలాంటిది అంతకుముందెప్పుడూ జరగలేదు. ఆరింటికి కూడా రాలేదు. ఈదురుగాలి లేచింది, ఆకాశం మబ్బు పట్టింది. మామ గోడ చివరికీ తలుపుకూ మధ్య తిరుగుతున్నారు. నేను మిషను కింద, బీరువా వెనక, లేదని తెలిసినా వెతుకుతున్నాను. అప్పుడు మూల ఇంటామె ఫోను చేసింది. మీ దొరసాని ఆ కట్టే బిల్డింగులో మూడో అంతస్తు అంచున నిలబడి అరుస్తోంది అని.

నేనూ మా అమ్మాయీ వీధి వైపు నుంచి చుట్టూ తిరిగి, వాచ్‌మన్ను అడిగి లోపలికి పోదామని పరిగెత్తాం. మామను ఇంట్లో ఉండమన్నాం. ఉండే మనిషే అయితే ఆయన మా మామ కాదు. సైటుకు అడ్డంగా నడిచి, మా కంటే ముందే ఆ బిల్డింగు చేరారు. మేము వాచ్‌మన్‌తో మాట్లాడుతుండగానే లోపలి నుంచి వినిపించింది. "బా... బా... బా..." కొత్త సిమెంటు గోడల మధ్య ఆ పిలుపు కొండలో లాగే మోగింది.

మెట్లెక్కి పోయి చూస్తే రెండో అంతస్తు మలుపులో మామ గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నారు. మెట్లకు ఇంకా కమ్మీలు కూడా పెట్టలేదు. ఆయనకు ఎదురుగా పిల్లి కూర్చుని తీరిగ్గా కాలు నాక్కుంటోంది. పిలుపు వినగానే మూడో అంతస్తు నుంచి అదే దిగి వచ్చిందట.

"ఎక్కేటప్పుడు తెలీలేదమ్మా. దిగుదామంటే మోకాలు వంగేదానికి ఒప్పుకోలే," అన్నారు మామ. బాగా సిగ్గుపడ్డారు. ఆయన ఎక్కింది పిల్లిని దించడానికి, ఇప్పుడు దించాల్సింది ఆయన్ను.

అక్కడ పనిచేసే ఇద్దరు ఉత్తరాది మేస్త్రీలు సాయం చేశారు. వాళ్లకు మన భాషలు రావు, మాకు హిందీ అంతంత మాత్రం. మామ మోకాలు చూపించారు, వాళ్లకు అర్థమైంది. వాచ్‌మన్ కుర్చీ తెచ్చి, మామను కూర్చోబెట్టి, చెరో పక్క పట్టుకుని దించారు. ఊరేగింపులో ఉత్సవ విగ్రహం లాగ కర్ర నిలువుగా పట్టుకుని ఆయన పైన, ముందు దారి చూపిస్తున్నట్టు పిల్లి. మలుపు దగ్గర ఆగి, వెనక్కి చూసి, కుర్చీ వచ్చేదాకా ఉండి మళ్లీ దిగేది. మా అమ్మాయి ఆ దృశ్యాన్ని ఫోటో తీసి, నేను వద్దనే లోపల వాళ్ల నాన్నకు పంపేసింది.

టీ విరామంలో మా ఆయన ఫోను చేశారు. ఇక పిల్లి షికారు అయిపోయింది, మామకూ తిట్లు తప్పవనుకుంటూ ఎత్తాను. 

"ఎన్నో అంతస్తు?" అన్నారు.

"రెండోది."

"కమ్మీ లేని మెట్లు?"

"అవును."

"మూడు మెట్లు ఎక్కమంటే ఆ పిల్లతో గొడవేసుకునింది ఈ నాయనేనా?" అన్నారు. అవతల నవ్వు వినిపించింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే కళ్ల నీళ్లు తుడుచుకున్నాను. అప్పటిదాకా ఎంత భయపడ్డానో నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు మామను డాక్టరుకు చూపించాం. కాస్త వాపే గానీ చెడిపోయిందేమీ లేదన్నారు. రెండు రోజులు మంచం దిగొద్దన్నారు. ఆ రెండు రోజులూ పిల్లిని కూడా వదల్లేదు. నాలుగయ్యేసరికి వెనక తలుపు దగ్గరికీ మామ మంచం దగ్గరికీ తిరుగుతూ ఇద్దరి మీదా అరిచేది. ఇంతటితో మానేద్దామా అని నేను అడిగాను. ఆశ్చర్యం, వద్దన్నది మా ఆయనే. పిలిస్తే మూడో అంతస్తు నుంచి దిగి వచ్చిన పిల్లిని కట్టేయడం న్యాయం కాదన్నారు. బిల్డింగు వైపు పోకుండా ఉండాలంటే అక్కడ పని జరుగుతున్న వేళలోనే వదలాలి, ఆ చప్పుడుకు అటు పోదని ఆయనే లెక్క కట్టారు. నాలుగింటికి వదిలి ఐదింటికల్లా పిలిచేయాలని ఫ్రిజ్ మీది కాగితాన్ని దిద్దారు.

జూన్‌లో వానలు పడగానే మామ ఊరికి బయలుదేరారు. రాగి విత్తే కాలం, ఇంక ఆగనన్నారు. కర్ర కూడా వద్దన్నారు గానీ బలవంతాన ఇచ్చి పంపాం. పోయే ముందు రెండు రోజులు నాకు పిలవడం నేర్పించారు. ఇంట్లో పిలిచాను, ఫర్వాలేదన్నారు. వెనకకు పోయి పిలవమంటే పిలవలేకపోయాను. చుట్టూ మిద్దెలు, నాకు సిగ్గు. మెల్లగా బా అంటే పిల్లి నా వైపు కూడా చూడలేదు. సిగ్గుపడితే ఆవు కూడా రాదమ్మా అన్నారు మామ. ఆయన పోయిన మొదటి సాయంత్రం ఐదయింది, ఐదుంపావయింది, ఇక తప్పక కళ్లు గట్టిగా మూసుకుని, కొండంతా వినపడేట్టు పిలిచాను. మూల ఇంటామె తన మిద్దె మీద నుంచి చప్పట్లు కొట్టింది. పిల్లి వచ్చింది.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. పొద్దుటి షిఫ్టున్న వారాల్లో మా ఆయనే వెనక తలుపు తీస్తారు. మేమిద్దరం ఉతికే రాయి మీద కూర్చుని టీ తాగుతాం. పోయిన ఆదివారం ఆ సైటు యజమానులు వచ్చి టేపు పట్టి కొలుచుకుని పోయారు. ఇల్లు కడతారట. ఆ మాట వినగానే మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. అప్పుడు పిల్లిని ఏం చేయాలి, మిద్దె మీదికి దారి చేయాలా, గోడకు వల కట్టించాలా అని రాత్రి భోజనాల దగ్గర మళ్లీ పంచాయతీ మొదలైంది. మా ఆయన చాలాసేపు విని, తను అప్పుడే వాళ్లతో మాట్లాడి వచ్చానని చెప్పారు. ఆ కట్టబోయే ఇంటామెకు పిల్లులంటే భయం లేదట, కాంపౌండు గోడ మీద తిరిగినా ఏమీ అనుకోదట. ఈ వీధిలో బ్లౌజులు బాగా కుట్టేవాళ్లెవరైనా ఉన్నారా అని మాత్రం అడిగిందట.